వాగు నాచు నేర్పినవి

ఉద్యోగ విరమణ తర్వాత బ్రిటన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంటి వెనక వాగులో రాళ్లు పట్టుకుని పెరిగే విల్లో మాస్ అనే నాచుతో అక్కడే చనువు కుదిరింది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని ఫాంటినాలిస్ యాంటీపైరెటికాగా నమోదు చేశాడు. దీన్ని చేపల తొట్టిలో పెంచాలనుకునే పిల్లలకు నాకు తెలిసింది చెబుతాను.

1. ముందు వాగును చూడు, తర్వాత మొక్కను ముట్టుకో.

దీనికి వేర్లు లేవు. సన్నని నూగుపోగులతో రాయినో, నీళ్లలోకి దిగిన చెట్టు వేరునో పట్టుకుంటుంది. ఒక రెమ్మ చేతిలోకి తీసుకో నాయనా: ఆకులు మూడు వరసల్లో, ఒక్కోటీ నడిమికి మడిచినట్టు ఉంటాయి. కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. కాడ మొదలు దగ్గర ఆకులు రాలి నల్లగా, కొసన ముదురు పచ్చగా ఉంటుంది. ఇసుకలో పాతిపెట్టకు, రాతికి దారంతో వదులుగా కట్టు.

2. చలవ లేనిచోట దీన్ని బతికించలేం.

హైదరాబాద్ వేసవికి ఇది తట్టుకోదు. అక్కడి తొట్లకు ఆగ్నేయాసియా నుంచి వచ్చిన జావా మాస్ చాలు.

3. గాలి కలవని నీళ్లలో దీనికి ఆకలి తీరదు.

మన చెరువుల్లో హైడ్రిల్లా ఎలాంటి నీళ్లలోనైనా అల్లుకుపోతుంది. అది బైకార్బొనేట్‌నీ వాడుకోగలదు. ఈ నాచుకు ఆ నేర్పు లేదు, నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ మాత్రమే కావాలి. సున్నపు నీళ్లలో ఆ వాయువు చాలావరకు బైకార్బొనేట్‌గా మారిపోతుంది. అందుకే గాలిని కలుపుకుంటూ రాళ్లమీంచి దూకే నీళ్లంటే దీనికంత ఇష్టం. తొట్టిలో నీళ్లు కదులుతూ ఉండాలి, వెలుతురు మితంగా ఉండాలి. ఎదగలేదని దీపాలు పెంచేవాళ్లను చూశాను. ఆకులమీద పాకుడు పట్టడం తప్ప ఒరిగిందేమీ లేదు.

4. నీళ్లలో పోసిందంతా దీని ఒంట్లోకి చేరుతుంది.

ఆకు మందం ఒకే కణం. అడ్డుకునే పై పొర దాదాపు ఏమీ లేదు. చేపలకు జబ్బు చేసిందని ఒకసారి రాగి కలిసిన మందు పోశాను. చేపలు కోలుకున్నాయి, నాచు గోధుమరంగుకు తిరిగి చచ్చిపోయింది. ఆ బాధ నన్నింకా వదల్లేదు. నదుల్లో సీసం, రాగి, జింక్ ఎంతున్నాయో కొలవడానికి శాస్త్రవేత్తలు ఇదే నాచును వల సంచుల్లో వేలాడదీస్తారని తర్వాత చదివాను.

5. వాగు సొమ్ము వాగుకే వదిలెయ్.

రాతిమీది గుబురును పీకితే అందులో దాగిన పురుగులకూ చిన్న రొయ్యజాతి జీవులకూ నీడ పోతుంది. తెగి కొట్టుకొచ్చిన రెమ్మ ఒక్కటి తీసుకో, స్థలం వాళ్లను అడిగి మరీ తీసుకో. ముక్క నుంచే మళ్లీ పెరుగుతుంది.