రెండు కోర్సులున్న గోల్ఫ్ క్లబ్బు: చేరేముందు ఎలా చూసుకోవాలి?

అమెరికాలో గోల్ఫ్ మొదలుపెట్టిన తెలుగువాళ్లలో చాలామంది ఊళ్లో ఉన్న మునిసిపల్ కోర్సులోనో, కౌంటీ కోర్సులోనో బ్యాట్ లాగా క్లబ్బు పట్టుకుని ఆట నేర్చుకుంటారు. కొన్నేళ్లకు ఆట మీద ప్రేమ ముదురుతుంది. శనివారం పొద్దున టీ టైమ్ దొరకదు. దొరికినా ముందు గుంపు వెనక నిలబడటంతోనే సగం రోజు గడిచిపోతుంది. అప్పుడు ప్రైవేటు క్లబ్బుల మీదికి మనసు పోతుంది. అందులోనూ రెండు, మూడు కోర్సులున్న పెద్ద క్లబ్బులు ముందు ఆకర్షిస్తాయి.

ఈ క్లబ్బులను ఒకదానితో ఒకటి ఎలా పోల్చాలో కొత్తవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. నా పద్ధతి ఒకటే: క్లబ్బును దాని పేరున్న కోర్సుతో తూచకండి, పేరులేని కోర్సుతో తూచండి. టీవీలో చూసిన కోర్సు కోసమే అందరూ చేరతారు. చేరాక మాత్రం సభ్యుడి ఆటలో సగం, ఒక్కోసారి సగానికి పైగా, రెండో కోర్సు మీదే సాగుతుంది. ముందుగది చూసి ఇల్లు కొనం కదా. కింద చెప్పిన పనులన్నీ ఆ ఒక్క ఉద్దేశంతోనే.

మొదటి పని: ఏముందో విడదీసి రాసుకోండి

ఒక కోర్సు అంటే 18 హోల్స్. 36 అంటే రెండు కోర్సులు. 27 అంటే తొమ్మిదేసి హోల్స్ ఉన్న మూడు ముక్కలు. ఒకటిన్నర కోర్సు అన్నమాట. మన దేశంలోనూ ఈ తేడాలున్నాయి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో 18 హోల్స్ లోధీ కోర్సు, దాని పక్కన 9 హోల్స్ పీకాక్ కోర్సు ఉంటాయి. పేరుకు రెండు కోర్సులే, కానీ అవి సరిజోడు కావు.

అమెరికాలో ఇంకా రకరకాలుగా ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్బుకు లేక్, ఓషన్ అని రెండు పూర్తి కోర్సులు, క్లిఫ్స్ అని 9 హోల్స్ పార్-3 కోర్సు ఉన్నాయి. షికాగో దగ్గరి మెడైనాలో 1, 2, 3 అని అంకెలతో పిలిచే మూడు కోర్సులు. 2012 రైడర్ కప్ జరిగింది మూడో నంబరు మీద. అరిజోనాలో స్కాట్స్‌డేల్ దగ్గరి డెజర్ట్ మౌంటెన్‌లో జాక్ నిక్లాస్ గీసిన ఆరు కోర్సులు, వాటికి తోడు ఒక పార్-3 కోర్సు.

ఇవన్నీ రాసుకున్నాక ఒక ప్రశ్న వేయండి: అన్ని కోర్సులూ ఒకే క్లబ్‌హౌస్ నుంచి మొదలవుతాయా? ఫిలడెల్ఫియా శివార్లలోని మెరియన్‌లో ఈస్ట్, వెస్ట్ కోర్సులు పక్కపక్కన ఉండవు, మధ్యలో దూరం ఉంది. 2013 యూఎస్ ఓపెన్ ఈస్ట్ మీద జరిగినప్పుడు ఆటగాళ్ల ప్రాక్టీసుకు వెస్ట్‌ను వాడారు, అక్కడినుంచి వాళ్లను వాహనాల్లో తీసుకొచ్చారు. సభ్యుడికి కూడా ఇది చిన్న సంగతి కాదు. ప్రాక్టీస్ రేంజ్ ఏ కోర్సు దగ్గర ఉందో, భోజనం ఎక్కడో, పిల్లల్ని ఎక్కడ దింపాలో అన్నీ దానిమీదే ఆధారపడతాయి.

రెండో పని: రెండో కోర్సు ఎలా పుట్టిందో తెలుసుకోండి

నాకు అన్నింటికన్నా ఆసక్తి ఉన్న భాగం ఇదే. కొన్ని క్లబ్బుల్లో రెండు కోర్సులూ కవలల్లా ఒకేసారి పుట్టాయి. మరికొన్ని చోట్ల మొదటిది గొప్పగా కట్టాక, మిగిలిన నేలలో రెండోది ఇరికించారు. ఈ తేడా వందేళ్లయినా చెరగదు.

కవలలకు చక్కటి ఉదాహరణ న్యూజెర్సీలోని బాల్టస్రాల్. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు అది పెద్ద దూరమేమీ కాదు. అక్కడ అంతకుముందు ఒక కోర్సు ఉండేది, దాని మీద యూఎస్ ఓపెన్‌లు కూడా జరిగాయి. ఎ.డబ్ల్యు. టిల్లింగ్‌హాస్ట్ అనే రూపకర్త దాన్ని చెరిపేసి, లోయర్, అప్పర్ అని రెండు కోర్సులను ఒకే ఆలోచనతో కట్టాడు. 1922 నాటికి అవి సిద్ధమయ్యాయి. అప్పర్ కొండ పాదం వెంబడి సాగుతుంది, అక్కడి గ్రీన్లలో బంతి ఎటు వాలుతుందో కనిపెట్టడానికి కొండను లెక్కలోకి తీసుకోవాలి. లోయర్ చదునైన నేల మీద పొడవుగా పరుచుకుని, చివరి రెండు హోల్స్ వరుసగా పార్-5లతో ముగుస్తుంది. నిక్లాస్ 1967లోనూ, 1980లోనూ యూఎస్ ఓపెన్ గెలిచింది లోయర్ మీద. అయినా అప్పర్‌ను తక్కువగా చూడలేం, 1936 యూఎస్ ఓపెన్ దానిమీదే జరిగింది.

న్యూయార్క్ రాష్ట్రంలో మామరొనెక్ దగ్గరి వింగ్‌డ్ ఫుట్ కూడా ఇలాంటిదే. వెస్ట్, ఈస్ట్ రెండూ టిల్లింగ్‌హాస్ట్‌వే, రెండూ 1923లో మొదలయ్యాయి. వెస్ట్‌కు ఆరు యూఎస్ ఓపెన్‌ల కీర్తి ఉంది, ఆఖరుది 2020లో. ఈస్ట్‌కు 1957, 1972 మహిళల యూఎస్ ఓపెన్‌లు, 1980లో జరిగిన మొట్టమొదటి యూఎస్ సీనియర్ ఓపెన్ దక్కాయి. ఇలాంటి చరిత్ర ఉన్న రెండో కోర్సు దొరికితే సభ్యుడు అదృష్టవంతుడు.

ఆస్ట్రేలియాలో రాయల్ మెల్‌బోర్న్ ఇంకో అడుగు ముందుకేసింది. పెద్ద పోటీలకు వెస్ట్ నుంచి 12 హోల్స్, ఈస్ట్ నుంచి 6 హోల్స్ తీసుకుని కాంపోజిట్ కోర్సు తయారుచేస్తారు. తమ అత్యుత్తమ కోర్సు కోసం రెండో కోర్సు నుంచి ఆరు హోల్స్ అరువు తెచ్చుకున్నారంటే, ఆ రెండోదానికి అంతకన్నా మంచి యోగ్యతాపత్రం ఏముంటుంది?

కాబట్టి క్లబ్బువాళ్లను మూడు అడగండి. రెండో కోర్సు ఎవరు గీశారు, ఎప్పుడు కట్టారు, చివరిసారి బాగుచేసింది ఎప్పుడు? మూడోదానికి వెంటనే జవాబు రాకపోతే అది కూడా మీకొక సమాచారమే.

మూడో పని: అంకెలు పక్కపక్కన పెట్టండి

ప్రతి కోర్సుకూ, అందులో ప్రతి టీకీ రెండు అంకెలుంటాయి. కోర్స్ రేటింగ్ అంటే హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ఆటగాడు అక్కడ సుమారు ఎన్ని దెబ్బల్లో ముగిస్తాడో చెప్పే అంచనా. స్లోప్ రేటింగ్ అంటే మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఇంకెంత ఎక్కువ కష్టమో చెప్పే కొలత. అది 55 నుంచి 155 వరకు ఉంటుంది, 113ను ప్రామాణికంగా తీసుకుంటారు. అమెరికాలోని కోర్సుల రేటింగులను అక్కడి గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ అందరికీ అందుబాటులో ఉంచింది, సభ్యులు కాకపోయినా చూసుకోవచ్చు.

ఒక కోర్సులో మీకు ఎన్ని దెబ్బల వెసులుబాటు వస్తుందో లెక్క ఇలా చేయాలి. మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ను స్లోప్‌తో గుణించి 113తో భాగించండి. దానికి కోర్స్ రేటింగులోంచి పార్ తీసివేయగా వచ్చింది కలపండి. మీ ఇండెక్స్ 20 అనుకుందాం. ఒక కోర్సు పార్ 72, రేటింగ్ 74, స్లోప్ 140 అయితే మీకు 27 దెబ్బలు వస్తాయి. రెండో కోర్సు పార్ 71, రేటింగ్ 70.5, స్లోప్ 124 అయితే 21 వస్తాయి. ఆరు దెబ్బల తేడా! అంటే ఆ క్లబ్బులో ఒకటి పరీక్ష పెట్టే కోర్సు, ఒకటి హాయిగా ఆడుకునే కోర్సు. కొత్తవాళ్లకు ఈ అమరిక చాలా మంచిది. రెండూ 140 దాటితే నేర్చుకునే దశలో ప్రతి వారాంతం బంతులు వెతుక్కోవడమే అవుతుంది.

ఒక జాగ్రత్త. క్లబ్బు పుస్తకంలో గొప్పగా అచ్చువేసేది వెనక టీల పొడవు. మీరు ఆడబోయే టీ అంకెలే చూడండి. ముందు టీలు రెండో కోర్సులో ఎంత ముందుకు ఉన్నాయో, మీ ఇంట్లోవాళ్లకు సరిపోతాయో చూడండి.

నాలుగో పని: శనివారం లెక్క

పది నిమిషాలకొక గుంపు, గుంపుకు నలుగురు. గంటకు 24 మంది. పొద్దున 7 నుంచి 11 దాకా ఒక కోర్సు మీదికి 96 మంది వెళ్లగలరు, రెండు కోర్సులుంటే 192 మంది. ఇప్పుడు గోల్ఫ్ సభ్యుల సంఖ్య అడిగి దానితో పోల్చండి. ఈత కొలనుకో, భోజనానికో మాత్రమే వచ్చే సభ్యులను ఇందులో కలపకండి. 600 మంది గోల్ఫ్ సభ్యులు, రెండు కోర్సులు ఉన్న క్లబ్బు, 300 మంది ఉన్న ఒకే కోర్సు క్లబ్బుకన్నా ఈ లెక్కలో ఏమాత్రం ఖాళీగా ఉండదు. రెండు కోర్సులున్నాయనగానే టీ టైములు కావలసినన్ని ఉంటాయనుకోవడం తొందరపాటు.

తరవాత నిరుటి క్యాలెండర్ అడగండి. అతిథులతో ఆడే పోటీలు, క్లబ్బు చాంపియన్‌షిప్, సోమవారాల్లో బయటి సంస్థలకు అద్దెకిచ్చిన రోజులు అన్నీ అందులో ఉంటాయి. ఏ పోటీకి ఏ కోర్సు మూశారో గుర్తుపెట్టుకోండి. మంచి క్లబ్బుల్లో ఒకటి మూస్తే రెండోది తెరిచి ఉంటుంది, రెండు కోర్సులు ఉండటంలో అసలు సుఖం అదే. గ్రీన్లకు రంధ్రాలు పొడిచి గాలి ఆడేలా చేసే రోజుల్లో కూడా, రెండిటికీ వేర్వేరు వారాలు కేటాయిస్తారు.

అయిదో పని: కాలితో నడిచి చూడండి

సభ్యత్వ కార్యాలయంవాళ్లు మిమ్మల్ని పేరున్న కోర్సు మొదటి టీ దగ్గరికి తీసుకెళ్తారు. మర్యాదగా వెళ్లండి. ఆ తరవాత రెండో కోర్సులో క్లబ్‌హౌస్‌కు దూరంగా ఉన్న హోల్స్ చూపించమనండి. బంకర్లలో ఇసుక సమంగా ఉందా, వాన పడిన మర్నాడు ఫెయిర్‌వేల మీద నీళ్లు నిలిచాయా, టీలు చదునుగా ఉన్నాయా, చెట్ల నీడ పడి గ్రీన్ల మీద గడ్డి పలచబడిందా అని చూడండి. రెండు కోర్సులకూ వేర్వేరు సూపరింటెండెంట్లు ఉన్నారా అని కూడా అడగండి. పనివాళ్లంతా పేరున్న కోర్సు మీదే ఉండి, తీరిక దొరికితేనే రెండోదానికి వచ్చే చోట ఆ సంగతి గడ్డి చెప్పేస్తుంది.

పోల్చడం ఇంకా చేతకాదనిపిస్తే సాధన చేయడానికి ఒక చోటుంది. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని బెత్‌పేజ్ స్టేట్ పార్కు. అది ప్రైవేటు క్లబ్బు కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. బ్లాక్, రెడ్, బ్లూ, గ్రీన్, యెల్లో అని అయిదు కోర్సులు. బ్లాక్ మీద 2002, 2009లో యూఎస్ ఓపెన్, 2025లో రైడర్ కప్ జరిగాయి. బాగా ఆడగలిగినవాళ్లే రావాలని హెచ్చరించే బోర్డు కూడా అక్కడ ఉంటుంది, కార్టులు ఉండవు, నడవాల్సిందే. బ్లాక్, రెడ్ రెండిటికీ టిల్లింగ్‌హాస్ట్ పేరే చెబుతారు. ముందు రెడ్ ఆడి, ఆట కుదిరాక బ్లాక్ ఆడండి. ఒకే చోట ఉన్న రెండు కోర్సులు ఎంత వేరుగా ఉండొచ్చో పుస్తకం చదివినదానికన్నా బాగా తెలుస్తుంది.

ఆరో పని: డబ్బు

ప్రవేశ రుసుము గురించి అందరూ అడుగుతారు. నెలవారీ చందా, నెలకు ఇంత తినాలన్న భోజనం కనీస బిల్లు, కార్టు, కేడీ, లాకరు, అతిథి రుసుములు కలిపి ఏడాదికి ఎంతవుతుందో లెక్కకట్టేవాళ్లు తక్కువ. అన్నింటికన్నా ముఖ్యమైనది అసెస్‌మెంట్. కోర్సు తవ్వి బాగుచేయాల్సి వచ్చినప్పుడు సభ్యుల దగ్గర అదనంగా వసూలు చేసే మొత్తం అది. రెండు కోర్సులంటే ఈ ఖర్చు రెండుసార్లు వస్తుంది. బాల్టస్రాల్‌లో కోర్సుల రూపకర్త గిల్ హాన్స్ బృందం ముందు లోయర్‌ను, తరవాత అప్పర్‌ను బాగుచేసింది. మీరు చేరబోయే క్లబ్బు ఇందులో ఏ దశలో ఉందో తెలుసుకోండి.

క్లబ్బు యజమాని ఎవరో కూడా అడగాలి. సభ్యులే యజమానులైతే మీకు ఓటు ఉంటుంది, భారం కూడా మీదే. ఒహైయోలోని ఫైర్‌స్టోన్‌కు మూడు కోర్సులు, అది ఒక కంపెనీ చేతిలో ఉంది. అలాంటి చోట సభ్యుడు ఒప్పందంలోని షరతులే నమ్ముకోవాలి. సభ్యులు నడిపే క్లబ్బులు చాలావరకు లాభాపేక్ష లేని సంఘాలుగా నమోదై ఉంటాయి. అవి ఏటా ప్రభుత్వానికి ఇచ్చే ఫారం 990 బహిరంగ పత్రమే. ఆదాయం, అప్పు, ఖర్చు అందులో కనబడతాయి. చేరేముందు మూడేళ్ల పత్రాలు వరసగా పెట్టుకుని చదవండి. అప్పు ఏటా పెరుగుతుంటే అసెస్‌మెంట్ దారిలో ఉందని అర్థం.

ఏడో పని: ఇంట్లోవాళ్లు

మీ భార్యకో భర్తకో వారాంతం పొద్దున మీతో సమానంగా టీ టైమ్ ఇస్తారా? పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా ఏ కోర్సు మీద ఆడొచ్చు? ఇండియా నుంచి అమ్మానాన్నా వచ్చి మూడు నెలలు ఉంటే, సాయంత్రం మీరు ఆడుతుంటే పక్కన నడవనిస్తారా, లేక ప్రతిసారీ అతిథి రుసుము కట్టాలా? ఇలాంటి వెసులుబాట్లు ఉంటే అవి ఎక్కువగా రెండో కోర్సు మీదో, పార్-3 కోర్సు మీదో దొరుకుతాయి. అలాంటి చోటు లేని రెండు కోర్సుల క్లబ్బుకన్నా, అది ఉన్న ఒక కోర్సు క్లబ్బే మీ ఇంటికి నప్పవచ్చు.

ఇవన్నీ అయ్యాక, రాబోయే మూడేళ్లలో ఏ కోర్సు ఎప్పుడు మూసే ఆలోచన ఉందో, ఆ కాలంలో చందా తగ్గిస్తారో లేదో, పెద్ద పోటీ ఏదైనా వస్తే రెండు కోర్సులూ ఎన్ని వారాలు సభ్యులకు దూరమవుతాయో అడగండి. ఆ జవాబులు కాగితం మీద తీసుకున్నాకే సంతకం చేయండి.