పొరుగూరి మైదానమున మన జట్టు

విద్యార్థులారా! విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద నిలిచి చూచినచో రెండు జాతీయ రహదారులు ఒకదానినొకటి కలిసికొనుట కానవచ్చును. ఒకటి కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవునది. మరియొకటి పుణెనుండి హైదరాబాదుమీదుగా వచ్చి బందరు చేరునది. ఇచ్చట నిలుచువారికంటె పయనమై పోవువారే అధికులు. ఇట్టి కూడలిలో, ఒక తేనీటి దుకాణము ముందర, 2024వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీ ఉదయమున మేము కొందరము గుమిగూడి, దూరమున ఇండోరు నగరమందు జరుగుచున్న క్రికెట్టు ఆట లెక్కను సెల్ ఫోనులో చూచుచుంటిమి. ఆ ఆటలో మన ఆంధ్ర జట్టు నాలుగే నాలుగు పరుగుల తేడాతో ఓడినది. ఆ ఉదయమున మేము పలికిన మాటలలో పెక్కు అన్యాయమైనవని పిమ్మట గ్రహించితిమి. పొరుగూర ఓడివచ్చిన జట్టును గూర్చి దాని అభిమానులు ఎట్లు తలపోయవలెనో ఆ ఓటమియే మాకు నేర్పినది. దానినే ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట పొరుగూరి ఆట యనగా నేమో తెలిసికొందము. రంజీ ట్రోఫీ పోటీలు 1934లో ఆరంభమైనవి. ఆంధ్ర జట్టు వానిలో ప్రవేశించినది 1953-54 ఆటకాలమున. ఒక్కొక్క ఆట నాలుగైదు దినములకు ఏర్పడినది. ఇరుజట్లును రెండేసి మారులు బ్యాటు పట్టవలెను. ఒక్కొక్క వంతును ఇన్నింగ్సు అందురు. ఇన్ని దినములు సాగు ఆటలో నేలకు గొప్ప ప్రాధాన్యము కలదు. మన్ను ఎర్రదా నల్లదా, దానిపై గడ్డి ఎంత మిగిల్చిరి, ఉదయపు తేమ ఎంతసేపు నిలుచును, మూడవనాటికి పగుళ్లు ఎచ్చట పుట్టును అను సంగతులు ఆ యూరి బాలునకు చిన్ననాటినుండి తెలిసియుండును. వచ్చిన జట్టు వానినన్నిటిని ఒకటి రెండు దినముల అభ్యాసములో నేర్చుకొనవలసి యుండును. అందుచేతనే సొంత మైదానమున గెలుచుటకంటె పొరుగూర గెలుచుట కష్టమని ఆటగాండ్రు చెప్పుదురు.

ఆంధ్ర జట్టు వరుసగా రెండేండ్లు క్వార్టర్ ఫైనలు ఆటకై ఇండోరులోని హోల్కరు మైదానమునకు పోయినది. రెండు మారులును ఎదిరిజట్టు ఆ గడ్డకు చెందిన మధ్యప్రదేశ్ జట్టే. మొదటి ఆట 2023 జనవరి 31న మొదలైనది. అప్పటి మన నాయకుడు కాకినాడలో జన్మించిన హనుమ విహారి. ఆయన 16 పరుగులు చేసియుండగా అవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి ఎడమ మణికట్టు విరిగినది. ఆయన మైదానము విడిచి పోయెను. రికీ భుయి 149, కరణ్ షిండే 110 పరుగులు చేసి జట్టును నిలిపిరి. తొమ్మిదవ వికెట్టు పడినపుడు ఇంక ఆట ముగిసినదని యెల్లరును తలచుచుండగా విహారి మరల వచ్చెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. విహారి కుడిచేతి వాటపు ఆటగాడు. ఆ వాటమున నిలిచినచో ఎడమచేయి బంతికి ఎదురుగా నుండును. విరిగినచోటనే మరల దెబ్బ తగులవచ్చును. అందుచే ఆయన ఎడమచేతి వాటమునకు తిరిగి నిలిచి, కుడిచేతిని ముందుంచుకొని, ఒంటిచేతి బలముతో ఆడి తన లెక్కను 27కు చేర్చెను. ఆంధ్ర మొత్తము 379 ఆయెను. ప్రత్యర్థులు 228 పరుగులకే ముగిసిరి. మనకు 151 పరుగుల ఆధిక్యము లభించినది. ఇట్టి పోటీలలో ఆట ముగియక సమమైనను మొదటి ఇన్నింగ్సు ఆధిక్యము గలవారే ముందునకు పోవుదురు. కావున మన జట్టు మేడమీద నిలిచినట్లే. అట్టి జట్టు రెండవ ఇన్నింగ్సులో 93 పరుగులకు కూలినది. విహారి ఆ విరిగిన చేతితోనే మరల వచ్చి 15 పరుగులు చేసెను. ప్రత్యర్థులు తమకు కావలసిన 245 పరుగులను ఐదు వికెట్టులు మాత్రమే కోల్పోయి సాధించిరి.

మరుసటి యేట నాయకుడు రికీ భుయి. ఆయన ఆ ఆటకాలమున మొత్తము 902 పరుగులు చేసి రంజీ పోటీలలో అందరికంటె మిన్నగా నిలిచెను. ఫిబ్రవరి 23న మొదలైన ఆటలో మధ్యప్రదేశ్ 234, ఆంధ్ర 172 పరుగులు చేసినవి. మనము 62 పరుగులు వెనుకబడితిమి. అంతట మన బౌలరులు విజృంభించిరి. నితీశ్ కుమార్ రెడ్డి నాలుగు వికెట్టులు తీయగా ప్రత్యర్థులు రెండవమారు 107 పరుగులకే కూలిరి. గెలుపునకు 170 కావలెను. మూడవనాటి సాయంకాలమునకు నాలుగు వికెట్టులకు 95 వచ్చినవి. ఇంక కావలసినవి 75 పరుగులు, చేతనున్నవి ఆరు వికెట్టులు. ఆ రాత్రి మేము గెలిచినవారివలె నిదురించితిమి. తెల్లవారినపిమ్మట విహారి 55 పరుగులకు వెడలిపోయెను. అనుభవ్ అగర్వాల్ ఆ ఇన్నింగ్సులో ఆరు వికెట్టులు తీసెను. ఆంధ్ర జట్టు 165 కడ ఆగిపోయినది.

దుకాణము ముందర మా నోళ్లు ఊరకుండలేదు. వారి యూరు, వారి మన్ను కనుక వారు గెలిచిరని ఒకరు, ఇదే ఆట విశాఖపట్టణమున జరిగియున్నచో మనమే గెలుతుమని మరియొకరు, రెండేండ్లును అచ్చటికే పంపుట మన దురదృష్టమని ఇంకొకరు పలికితిమి. తేనీరు కాచు వృద్ధుడు మా మాటలను చాలసేపు వినియుండి, గ్లాసులు కడుగుచునే, “బాబులూ, ఆ మన్ను వారికిని నూట యేడే ఇచ్చినది కదా?” అని యడిగెను. మాకు మారుమాట తోచలేదు.

ఇంటికి పోయి ఆలోచించిన కొలదిని ఆ ప్రశ్న బరువు తెలియవచ్చినది. అదే హోల్కరు మైదానమున 2023 మార్చి 1 నుండి 3 వరకు భారతదేశమునకును ఆస్ట్రేలియాకును టెస్టు ఆట జరిగినది. సొంతగడ్డపై ఆడిన భారతజట్టు మొదటి ఇన్నింగ్సులో 109 పరుగులకు, రెండవదానిలో 163 పరుగులకు కూలి, తొమ్మిది వికెట్టులతో ఓడినది. వేలమైళ్ల దూరమునుండి వచ్చినవారు గెలిచిరి. నేల ఊరివారికే మేలు చేయునన్నచో ఇది యెట్లు జరిగెను? నేల కష్టము కలిగించును. అది సత్యమే. కాని ఆ కష్టమును ఇరువురకును పంచును. ఎవరు దానికి త్వరగా అలవడుదురో వారిదే పైచేయి యగును.

ఇంక లెక్క చూడుడు. నాలుగు పరుగులు అధికముగా వచ్చియున్నచో 2024 ఆట సమానమగును. ఐదు వచ్చియున్నచో గెలుపు మనది. మొదటి ఇన్నింగ్సులో 172కు మారుగా 177 చేసియున్నను చాలును. ప్రత్యర్థులకు రెండు ఇన్నింగ్సులలో ఇచ్చిన 341 పరుగులలో ఐదు తగ్గించియున్నను చాలును. కడపటి యుదయమున పోయిన ఆరు వికెట్టులనే మేము తలచి వగచితిమి గాని, ఆ ఐదు పరుగులు నాలుగు దినములలో ఎచ్చటనైనను దొరకవలసినవి. నష్టము కడపట కనబడును. అది పుట్టుచోటు చాల ముందుండును. పరీక్షలో రెండు మార్కులకు తప్పిన విద్యార్థి కడపటి ప్రశ్నను నిందించుట యిట్టిదే.

అట్లయినచో విరిగిన చేతితో విహారి చేసిన పరుగులు వ్యర్థమా? ఫలితమును మాత్రమే చూచువారికి వ్యర్థమువలె తోచును. ఆయన తిరిగివచ్చి మొదటి ఇన్నింగ్సులో చేర్చినవి పదునొకండు పరుగులే. జట్టు ఓడనే ఓడినది. కాని పై లెక్కను మరల చూడుడు. ఐదు పరుగులకు గెలుపోటములు తారుమారగు ఆటలో పదునొకండు పరుగులు స్వల్పములు కావు. ఆడుచున్నప్పుడు ఏ పరుగు అక్కరకు వచ్చునో యెవనికిని తెలియదు. కావున ప్రతి పరుగును అదియే గెలిపించునన్నట్లు చేయవలెను. విహారి చేసిన పని అదియే. దానిని పొరుగూరిలో, తన కొరకు కేకలు వేయువారు లేనిచోట చేసెను. ఆయనను గూర్చి మాకు గర్వము కలిగినది ఆట గెలిచినందున గాదు.

కడపట నొక మాట. ఇండోరు మనకు నిజముగా పొరుగూరేనా? భారతదేశపు మొదటి టెస్టు నాయకుడై 1932లో లార్డ్సు మైదానమున జట్టును నడిపిన సి. కె. నాయుడు 1895లో నాగపురమున జన్మించెను. ఆయన పూర్వికులు బందరువారని చెప్పుదురు. హోల్కరు మహారాజు ఆదరణచే ఆయన ఇండోరులో స్థిరపడి, హోల్కరు జట్టును నడిపి, 1967లో ఆ నగరముననే కన్నుమూసెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలకు దిగినపుడు దానికి నాయకుడు ఆయనయే. అప్పటికి ఆయన వయస్సు ఏబదియెనిమిది. మన జట్టు రెండు మారులు తలవంచిన ఆ నగరమునుండియే మన జట్టునకు మొదటి నాయకుడు వచ్చెను. పరాయినేల యని మేము తిట్టిన నేలపై బందరు వంశపు బిడ్డ పెక్కేండ్లు ఆడెను. ఆయనకు అది పరాయిది కాలేదు.

విద్యార్థులారా! మీరును గుడివాడకో బందరునకో పాఠశాలల పోటీలకై పోవుచుందురు. ఓడివచ్చినపుడు ఆ యూరి మైదానమును నిందింపక, మీ లెక్కపుస్తకమును తెరచి చూచుకొనుడు. గెలిచినవారిని మెచ్చుకొనుడు. మీలో నెవడైన నొప్పితో ఆడినచో వానిని మరవకుడు. మేము నేటికిని బెంజ్ సర్కిల్ కడ ఆ దుకాణమునకే పోవుచున్నాము. ఆంధ్ర జట్టు ఏ యూర ఆడుచున్నను లెక్క చూచుచునే యున్నాము. ఓడినపుడు మాలో నెవడైన మన్నును గూర్చి నోరు తెరచినచో, తక్కినవారము ఆ వృద్ధుని వైపు చూచి నవ్వుకొందుము.