ఫంక్షన్ హాల్లో చెత్త తగ్గేదెలా?

ప్రశ్న: మాకు ఖమ్మంలో ఫంక్షన్ హాలుంది. ఒక్కో పెళ్లికి ట్రాక్టర్ నిండా చెత్త పోగవుతోంది. జీరో వేస్ట్ మాలాంటి వాళ్లకు సాధ్యమేనా?

జవాబు: పూర్తిగా సున్నా కాకపోవచ్చు, చాలావరకు సాధ్యమే. చెత్తను ఏం చేయాలన్నది తర్వాత, ముందు రాకుండా చూడండి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. పేపర్ గ్లాసులు నయమనుకోకండి, వాటి లోపలా ప్లాస్టిక్ పూత ఉంటుంది. చిన్న నీళ్ల సీసాలు మరీ దండగ. రెండు గుక్కలు తాగి వదిలేస్తారు. స్టీలు గ్లాసులు, నీళ్ల క్యాన్లు పెట్టండి. సిద్దిపేట ప్రాంతంలో శుభకార్యాలకు సామాను ఇచ్చే స్టీల్ బ్యాంకులే ఏర్పాటయ్యాయి. మీరూ హాలు అద్దెలోనే గిన్నెలు, కడిగే మనుషుల ఖర్చు కలిపేయండి.

అరిటాకులు, కూరగాయల తొక్కులు, పూలదండలు హాలు వెనకే కంపోస్టు చేయొచ్చు. దండల్లోని దారం, జరీ మాత్రం ముందే తీసేయాలి. అన్నం, సాంబారులో తడి ఎక్కువ. ఎండుటాకులో కొబ్బరిపీచో కలపకపోతే కంపు కొడుతుంది, పక్కింటివాళ్లు గొడవకొస్తారు. మిగిలిన వంటకాలు పాడవకముందే అనాథాశ్రమానికి చేరేలా ముందురోజే మాట్లాడుకోండి.

ఈ షరతులన్నీ బుకింగ్ రసీదు మీదే రాయించండి. పెళ్లిరోజున క్యాటరర్‌తో వాదనకు దిగితే మీ మాట చెల్లదు.