శ్రుతి మారితే శాక్సఫోన్ వాద్యకారుడు ఏం చేయాలి?

కచేరీకి పది నిముషాల ముందు గాయకుడు గొంతు బాగోలేదని శ్రుతి తగ్గించమంటాడు. కీబోర్డు వాయించేవారికి ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది. శాక్సఫోన్‌కు ఆ బటన్ లేదు, లెక్క మన బుర్రలోనే ఉండాలి. ఆర్కెస్ట్రాల్లోనో, పెళ్లి బ్యాండ్లలోనో, చర్చిల్లోనో వాయించి బతికేవారు దీన్ని ముందే సాధించి పెట్టుకోవాలి.

అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో ఈ వాద్యానికి పేటెంటు పొందాడు. నేడు మనం వాడే శాక్సఫోన్లు చిన్నవైనా పెద్దవైనా వేళ్ల పట్లు దాదాపు ఒకటే. అందుకే ఆల్టో నేర్చినవారు టెనర్‌ కూడా పట్టగలరు. కాకపోతే అదే 'సి' పట్టుకు ఆల్టో, బారిటోన్‌లలో ఇ ఫ్లాట్, టెనర్, సొప్రానోలలో బి ఫ్లాట్ పలుకుతుంది.

గుర్తుంచుకోవలసిన సూత్రం చిన్నదే. కీబోర్డు స్వరం నుంచి ఆల్టో, బారిటోన్‌లకు మూడు స్వరస్థానాలు దిగండి; టెనర్, సొప్రానోలకు రెండు ఎక్కండి. కీబోర్డు 'ఎఫ్'లో ఉంటే ఆల్టోకు 'డి', టెనర్‌కు 'జి'. నొటేషన్ రాసేటప్పుడు ఆల్టోకు మూడు షార్పులు, టెనర్‌కు రెండు షార్పులు కలపండి. ఫ్లాట్లు ఉంటే ఒక్కో షార్పుకు ఒక్కో ఫ్లాటు కొట్టేయండి.

మన శ్రుతి లెక్కలో చూస్తే, రెండున్నర శ్రుతి ఆల్టోకు 'సి' అవుతుంది, హాయిగా సాగుతుంది. ఒకటిన్నర అయితే బి ఫ్లాట్. గిటారు వాళ్లకు ఇష్టమైన మూడో శ్రుతిలోనే మనకు కష్టం: ఆల్టోకు సి షార్ప్, టెనర్‌కు ఎఫ్ షార్ప్. రోజూ పావుగంట సాధన ఈ రెండింటి మీదే పెట్టండి. సులువైనవి వాటంతటవే వస్తాయి.

పేరు తెలిశాక స్థాయి చూసుకోవాలి. కీబోర్డు ఎత్తులోనే పలకాలంటే ఆల్టోకు తొమ్మిది, టెనర్‌కు పద్నాలుగు స్వరస్థానాలు పైన రాయాలి. ఆల్టో కాగితం చూసి టెనర్‌లో వాయించాల్సి వస్తే అయిదు స్థానాలు పైకి జరపండి. అయితే ఆల్టోలో పై సి షార్ప్‌ దాటిన స్వరాలు టెనర్ మామూలు పట్లకు అందవు. అక్కడ ఒక్క స్వరాన్నే దించితే పాట విరుగుతుంది. ఆ సంగతి మొత్తాన్నీ ఒక స్థాయి దించండి.

ఈ వారమే మీరు తరచూ వాయించే పది పాటలు తీసుకోండి. ఒక్కోదాన్నీ అసలు శ్రుతిలో, ఒక స్థానం పైన, ఒక స్థానం కింద వాయించండి. కాగితం పక్కన పెట్టి, సరిగమలు నోటితో అంటూ చేయండి. పాటను ఇంగ్లిష్ అక్షరాలుగా కాక స్వరాలుగా పట్టుకున్నవారికి షడ్జమం ఎక్కడికి జరిగినా దారి తప్పదు. గొంతు నొప్పితో వేదికెక్కిన గాయకుడికి ఆ రాత్రి మనం ఇవ్వగల ఆసరా అదే.