భూకంపానంతర గృహనిర్మాణము: నిర్ణయ మెవరిది?

1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూమి కంపించెను. కిల్లారి మొదలగు గ్రామములు నేలమట్టమై, సుమారు పదివేలమంది మరణించిరి. 1956 వరకు ఆ సీమ హైదరాబాదు రాష్ట్రములోనిది. నాటి శాస్త్రజ్ఞుల పటములో అది అత్యల్ప ప్రమాదముగల ప్రాంతము! “మన కొండలలో భూకంపములా?” అని నవ్వు పెద్దలు ఈ సంగతి గమనింపవలెను. జనుల ప్రాణములు తీసినవి అడుసుతో పేర్చిన మందపు రాతిగోడలు, వానిపై మోపిన మట్టిమిద్దెల బరువును.

పిమ్మట జరిగినదే మనకు పాఠము. ప్రపంచబ్యాంకు ఋణసహాయముతో మహారాష్ట్ర ప్రభుత్వము పునర్నిర్మాణమునకు పూనుకొని, మిక్కిలి చెడిన 52 గ్రామములను వేరుచోట్లకు తరలించెను. ఎవరి ఇల్లెంత యుండవలెనో వారి భూమిని బట్టి నిర్ణయించిరి: భూమి లేనివానికి 250 చదరపు అడుగులు, ఏడు హెక్టారులకు మించి గలవానికి 750. పాత హెచ్చుతగ్గులు కొత్తగోడలలో అట్లే నిలిచినవన్నమాట. పట్టణపు వీధులవలె గీతలు గీచినవారికి పశువుల కొట్టము, ధాన్యపు గాదె, ఇరుగుపొరుగు తగినంతగా తోచలేదు.

ఇండ్లు కొంతమాత్రమే చెడిన పల్లెలలో వేరుమార్గము త్రొక్కిరి. ప్రభుత్వధనముతో యజమానులే తమ ఇండ్లను బాగుచేసికొని బలపరచుకొనిరి. ఇంజనీరునకును గృహస్థునకును నడుమ మాట మోయుటకు ‘సంవాద సహాయకులు’ ఏర్పడిరి. వారిలో పెక్కురు ఆ యూరి స్త్రీలే. సిమెంటు, ఇనుములకంటె ఈ యేర్పాటే గొప్పదని నా యభిప్రాయము. 2001 జనవరి 26న గుజరాతులోని కచ్ఛసీమ కంపించినప్పుడు, అచ్చట అనేక కుటుంబములు విడతలుగా సొమ్ము పొంది, ఇంజనీర్ల తనిఖీలో ఇండ్లను స్వయముగా కట్టుకొనినవి. 2003లో గుజరాతు, 2005లో కేంద్రము విపత్తుల చట్టములు చేసినవి. మన ఒడిశా మాత్రము 1999 పెనుతుపాను పిమ్మట ఆ యేటనే విపత్తు నిర్వహణ సంస్థను నెలకొల్పినది.

ఏ విపత్తునందైనను సహాయము జాబితానుబట్టి వచ్చును. జాబితాలో పేరు పత్రమునుబట్టి చేరును. తండ్రులనాటి పేరనే పట్టా నిలిచిన ఇండ్లు మనలో తక్కువా? ఊరి సంగతులు పల్లిసభలో చర్చకు వచ్చినప్పుడు మనవారు వెనుకవరుసలో మౌనముగా కూర్చుండుట నేను పలుమారులు చూచితిని. కాగితములు ఒడియాలో నుండుటయు నిందుకొక కారణము. మీ పిల్లలు ఆ లిపిని నేర్చుచున్నారు గదా. ఈ సెలవులలో ఇంటిపట్టాను వారిచే చదివించి, పేరును కొలతలును సరియైనవో కావో చూచుకొనుడు.