మా ఊరి బడికి ప్రణాళిక ఎవరు రాయాలి?

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాలను బాగుచేసుకోవాలని ఊరంతా అనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చందాల కంటే ముందు బడి యాజమాన్య కమిటీని కూర్చోబెట్టండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే. ప్రభుత్వ నిధులకు అదే ఆధారమని 22వ సెక్షన్ చెబుతోంది. హెడ్మాస్టరు ఒక్కరే దాన్ని నింపి, మిగతావాళ్లు సంతకాలు పెట్టి వెళ్లిపోవడం బాధాకరం.

రంగులు, గేటు తర్వాత. మూడో తరగతి పిల్లలు తడబడకుండా పేరా చదువుతున్నారా, ఆడపిల్లల మరుగుదొడ్లో నీళ్లు వస్తున్నాయా చూడండి. 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. ఒక్కరే ఉంటే ఆ సంగతి ప్రణాళిక మొదటి పేజీలోనే రాయండి. కూలికి వెళ్లే తల్లులూ రాగలిగేలా సమావేశం సాయంత్రం పెట్టండి.