రమజాన్ కిట్టు, మృగశిర ఒప్పందం

సేవా సంస్థలు ఏటా రమజాన్‌కు ముందు పేద కుటుంబాలకు పంచే కిట్టులో బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిర్చి, ఖర్జూరాలు ఉంటాయి. వార్షిక లెక్కల్లో వాటి ధర, కిట్ల సంఖ్య, అందుకున్న కుటుంబాల సంఖ్య రాస్తాం. అవి ఏ చేలో పండాయో, ఏ మందులు కొట్టి పండించారో మాత్రం ఎక్కడా రాయం. మనకు తెలిసింది హోల్‌సేల్ దుకాణం వరకే. ఆ దుకాణానికి అవతల ఉన్న రైతుతో మన ధర్మసొమ్ముకు సంబంధం ఎలా కలపవచ్చో దాతల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ఇబ్రహీంపట్నానికి ఆ పేరు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా (1550-1580) వల్ల వచ్చింది. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్న పాలకుడు ఆయనే. ఆయన కాలపు గుర్తుగా ఊరికి మిగిలింది పెద్ద చెరువు. చెరువు ఉన్నచోట వ్యవసాయం ఉంటుంది. ఇక్కడి నుంచి, పక్కనున్న మంచాల, యాచారం మండలాల నుంచి కూరగాయలు సాగర్ రోడ్డు మీదుగా నగరానికి పోతూనే ఉన్నాయి. అయితే ఔటర్ రింగు రోడ్డు వచ్చాక, ఆదిబట్లలో కంపెనీలు వెలిశాక, బొంగుళూరు, మంగల్‌పల్లి వైపు చెలకల్లో ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. ఎకరం అమ్మితే ఒక్కరోజులో చేతికొచ్చే డబ్బు కూరగాయలు పండిస్తే ఎన్నేళ్లకూ రాదు. అమ్ముకున్న రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంకా అమ్మకుండా సాగు చేస్తున్నవారికి మనం ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక సంస్థ 200 కిట్లు పంచుతుందనుకుందాం. ఒక్కో కిట్టులో పది కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు. అంటే బియ్యం 20 క్వింటాళ్లు, పప్పు 4 క్వింటాళ్లు. కందులు ఆడిస్తే సుమారు మూడింట రెండు వంతుల పప్పు దక్కుతుంది కాబట్టి ఆరు క్వింటాళ్ల కందులు కావాలి. వర్షాధారపు ఎర్ర చెలకలో అది రెండెకరాల పంట. బియ్యానికి 30 క్వింటాళ్ల వడ్లు కావాలి. ఎకరానికి 20 క్వింటాళ్లు పండినా ఎకరంన్నర చాలు. మొత్తం నాలుగెకరాలు కూడా కాలేదు. రెండు వందల కుటుంబాల రమజాన్ బియ్యం, పప్పు ఒకరిద్దరు చిన్నరైతుల భూమిలో సరిపోతున్నాయన్నమాట. సేంద్రియ వ్యవసాయాన్ని ఆదుకోవడం ప్రభుత్వాలకే సాధ్యమని అనుకునేవారు ఈ లెక్కను ఒకసారి చేసి చూడాలి.

రసాయనాలు లేకుండా పండించడం రైతుకు తెలియక ఆగిపోలేదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం పురుగుమందుల అప్పులతో, విషప్రభావంతో చితికిపోయి, వాటిని పూర్తిగా వదిలేసింది. మహిళా సంఘాల చొరవతో వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం వాడి పత్తి, మిర్చి పండించి చూపింది. నేడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి ఇంకో అడుగు వేసింది. సుమారు యాభై కుటుంబాల ఆ చిన్న ఊరు 2006లో తమ భూములన్నిటినీ రసాయన రహితంగా ప్రకటించుకుంది. జహీరాబాదు ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చిరుధాన్యాల విత్తనాలను తమ ఇళ్లలోనే కాపాడుకుంటూ వచ్చారు. హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం ఇలాంటి రైతులకు శిక్షణ ఇస్తూ, వారి ఉత్పత్తులను నగరంలో అమ్మేందుకు సహజ ఆహారం పేరుతో రైతుల కంపెనీ ఏర్పడేలా చేసింది. ఆ చివరి పని ఎందుకు అవసరమైందో ఆలోచించాలి. పండించడం వచ్చిన రైతుకు కూడా కొనేవాడు దొరకడం కష్టం. యూరియా మానిన తొలి రెండు మూడేళ్లు చాలాచోట్ల దిగుబడి తగ్గుతుంది. మార్కెట్లో మాత్రం అతని టమాటా డబ్బాకు, మందు కొట్టిన డబ్బాకు ఒకటే వేలం, ఒకటే కమీషన్. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన టమాటానే ఇంకో కాలంలో కోతకూలి రాక రోడ్డు పక్కన పారబోస్తారు. అలాంటి అనిశ్చితిలో ఉన్నవాడిని సేంద్రియానికి మారమని ఉపన్యాసం చెప్పడం సులువే.

జపానులో 1970ల నాటి గృహిణులు దీనికి ఒక దారి కనుక్కున్నారు. కొన్ని కుటుంబాలు కలిసి ఒక రైతుతో నేరుగా ఒప్పందం చేసుకునేవి. దాన్ని తేకేయ్ అన్నారు. అమెరికాలో 1986లో రెండు చోట్ల ఇలాంటి పొలాలు మొదలయ్యాయి. సభ్యులు సీజను మొదట్లోనే తమ వాటా డబ్బు కట్టి, పంట వచ్చినకొద్దీ వారంవారం తీసుకుంటారు. పంట పోతే ఆ నష్టం అందరిదీ.

ఇది వినగానే ఫిఖ్హ్ చదివినవారికి సలం ఒప్పందం గుర్తుకు రావాలి. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చేసరికి అక్కడివారు ఒకటి రెండేళ్ల ముందే డబ్బిచ్చి ఖర్జూరాలు కొనుక్కునేవారని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆయన (స) ఆ పద్ధతిని రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు ముందే తేల్చుకోవాలని ఆదేశించారు. సాధారణంగా చేతిలో లేని సరుకును అమ్మడం ధర్మసమ్మతం కాదు. అయినా సలంకు అనుమతి దొరికింది. రైతుకు డబ్బు అవసరమయ్యేది కోతరోజున కాదు, విత్తేరోజున. ఈ అనుమతి అతని ఆ అవసరాన్ని తీరుస్తుంది. వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా పెట్టుబడి దొరుకుతుంది.

సలంకు కొన్ని కట్టుబాట్లున్నాయి. అవి తెలియకుండా అమెరికా పద్ధతిని యథాతథంగా తెచ్చుకుంటే పొరపాటే. ధర మొత్తం ఒప్పందం సమయంలోనే చెల్లించాలి. సగం ఇప్పుడు, సగం కోతకు అనే బేరం సలం కాదు. గడువు కనీసం నెలరోజులు ఉండాలని హనఫీ పండితులు చెబుతారు. ఫలానా సర్వే నంబరులో పండిన పంట అని ఒకే చేనుకు ముడిపెట్టకూడదు, ఎందుకంటే ఆ చేను పండకపోవచ్చు. సరుకు రకం, నాణ్యత, బరువు, అప్పగించే తేదీ, చోటు రాసుకోవాలి. ప్రాంతం పేరు రాయదలిస్తే నాలుగైదు మండలాలంత విశాలంగా ఉండటం మేలు. ఒప్పందం కాగితం రాసే ముందు స్థానిక ముఫ్తీ సాహెబుకు చూపించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. కూరగాయలు, ఆకుకూరల విషయంలో షరతులు ఇంకా సున్నితం కాబట్టి మొదట ధాన్యం, పప్పులతో ప్రారంభించడమే మంచిది.

మరి పంట పోతే? సలంలో కొన్నవారు ఆగవచ్చు, లేదా తమ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అంటే ఎండిన చేను ముందు నిలబడిన రైతు నెత్తిన ఆ బాకీ ఉంటుంది. కష్టంలో ఉన్న బాకీదారుకు గడువివ్వమని, వదిలేస్తే ఇంకా మేలని ఖుర్ఆన్ బోధ మనందరికీ తెలుసు. అయితే సంస్థ దగ్గరున్న సొమ్ము దాతల అమానతు. కార్యదర్శిగారు జాలిపడి మాఫీ చేసేందుకు అది ఆయన సొంతం కాదు. అందుకని ముందుగానే ఈ నష్టాల కోసమని చెప్పి సదఖాతో వేరే నిధి పెట్టుకోవాలి. ఇందులో జకాత్ కలపరాదు. జకాత్ హక్కుదారులెవరో ఖుర్ఆన్ నిర్ణయించింది. రైతు స్వయంగా జకాత్‌కు అర్హుడైతే అది వేరే విషయం.

దాతలు తరచుగా వేసే ప్రశ్న ఒకటుంది. అదే డబ్బుతో మామూలు పప్పు కొంటే ఇంకో పది కుటుంబాలకు అందేది కదా? న్యాయమైన ప్రశ్నే. పేదవాడి కిట్టు తగ్గించి రైతుకు ఎక్కువివ్వడం సరికాదు. కానీ పై లెక్కలో రైతు కిలో పప్పుకు 20 రూపాయలు ఎక్కువడిగినా 400 కిలోలకు 8,000 రూపాయలు. ఆ తేడాను కిట్ల నిధి నుంచి కాకుండా ఇద్దరు ముగ్గురు దాతలు విడిగా భరించగలరు. పైగా పేదవాడికి చవకరకం, కొన్నవాడికి శుభ్రమైనది అనే అలవాటు మన దానధర్మాలలో కూడా చొరబడింది. అది అక్కడక్కడైనా తెగాలి.

అసలు చిక్కు డబ్బుది కాదు, కాలానిది. మనవాళ్ల చేయి తెరుచుకునేది రమజాన్‌లో. రైతుకు డబ్బు కావలసింది మృగశిర కార్తెలో, అంటే జూన్ మొదటివారం దాటగానే. అదృష్టవశాత్తూ రాబోయే కొన్నేళ్లు క్యాలెండరు మనకు అనుకూలం. 2027లో రమజాన్ ఫిబ్రవరి రెండోవారం ప్రాంతంలో, 2028లో జనవరి చివర మొదలవుతుంది. వానాకాలం వడ్లు నవంబరు, డిసెంబరులో, కందులు డిసెంబరు, జనవరిలో ఇంటికొస్తాయి. ఒక రమజాన్‌లో దాతలు ఇచ్చిన సదఖాను కొంత విడిగా ఉంచి జూన్‌లో ఒప్పందం చేసుకుంటే, కొత్త పంట పప్పు ఆడించి కిట్లు కట్టే సమయానికి చేరుతుంది. 2028లో మాత్రం వ్యవధి బాగా తక్కువ. ముందుగా కోతకొచ్చే రకాలు వేసేవారితో మాట్లాడుకోవాలి.

మందులు వాడలేదని నమ్మకమేమిటి అన్నది మిగిలిన ప్రశ్న. పెద్ద ఏజెన్సీల సర్టిఫికెట్ ఖర్చు రెండెకరాల రైతు మోయలేడు. దానికి ప్రత్యామ్నాయంగా కేంద్ర ప్రభుత్వం నడిపే పీజీఎస్ పద్ధతి ఉంది. ఇరుగుపొరుగు రైతులు కనీసం ఐదుగురు బృందంగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు. 2017 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడా నేరుగా వినియోగదారుడికి అమ్ముకునే చిన్నరైతుకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇచ్చాయి. కాగితం కన్నా రాకపోకలు ముఖ్యం. సీజనులో రెండుసార్లు నలుగురు దాతలు పిల్లలతో సహా చేనుకు వెళ్లివస్తే చాలు. గట్టు మీద పడి ఉన్న డబ్బాలు చూస్తే ఏం కొట్టారో తెలుస్తుంది. ఎర పంటగా బంతి, ఆముదం వేశారా, లింగాకర్షక బుట్టలు కట్టారా అన్నది కంటికే కనిపిస్తుంది. వెళ్లేది అతిథులుగా, పోలీసుల్లా కాదు.

ఎరువు గురించి కొందరు అడుగుతుంటారు. పేడ, మూత్రం కలిపిన జీవామృతం పోసిన పంట తినవచ్చునా అని. పశువుల ఎరువుతో పెరిగిన పంటను కడిగి తినడానికి అధికశాతం ఫిఖ్హ్ పండితులకు అభ్యంతరం లేదు. తటపటాయింపు ఉన్నవారికి పాత పద్ధతి ఉండనే ఉంది. కోతలయ్యాక చెలకలో గొర్రెల మంద పెట్టించడం ఈ ప్రాంత రైతులందరికీ తెలుసు. బక్రీదు ముందు మేకలు, పొట్టేళ్లు కట్టేసిన చోట్ల పోగయ్యే ఎరువును మున్సిపాలిటీ బండికి ఎత్తించకుండా అదే రైతుకు పంపవచ్చు.

ఇక ఊళ్లో భూమి లేని మనం. వడ్లు, కందులు మిద్దె మీద పండవు, ఆకుకూరలు పండుతాయి. అంబాడా అని మనం పిలుచుకునే గోంగూర, పాలకూర, మెంతి, పుదీనా, కొత్తిమీర ఆరేడు అంగుళాల మట్టితో వస్తాయి. గోంగూర, పాలకూర వేసిన నెలా నెలన్నరకు కోతకొస్తాయి. తడిసిన మట్టి చాలా బరువు కాబట్టి కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి తేలిక చేసుకోవాలి. పాత మిద్దెలైతే గోడల మీదుగా, దూలాల మీదుగా మాత్రమే మడులు పెట్టాలి. మసీదుల్లో ఐదుపూటలా వుజూ నీళ్లు మురుగులోకే పోతున్నాయి. అందులో సబ్బు దాదాపు ఉండదు. ఒక పైపు, ఒక చిన్న తొట్టి పెడితే ఆవరణలో పది మడులకు అవి సరిపోతాయి. ఆ మడులను చూసే బాధ్యత మసీదు కమిటీ కన్నా మక్తబ్ పిల్లలకు, వారి తల్లులకు అప్పగిస్తేనే సాగుతుంది. కమిటీలు రెండో నెలలో మరచిపోతాయి. కోసిన కూర శుక్రవారం జుమా తర్వాత ఇరుగుపొరుగు వితంతువుల ఇళ్లకు వెళ్లాలి. ఎన్ని కట్టలు వెళ్లాయో ఒక నోటుపుస్తకంలో రాసి, వచ్చే ఏటి సంచికలో కిట్ల లెక్క పక్కనే అచ్చువేయవచ్చు.